హాలు తాళం ఎవరి కోసం?

ఉత్తరం కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. మన ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు రాని పిల్లలు చాలామంది ఉన్నారు (ఆ బాధ ఇంకో రోజు రాస్తాం). వాళ్లకు మీరే చదివి వినిపించండి.

పోయిన ఆదివారం మన కార్యవర్గం కూర్చుంది. ఫోన్లో కాదు, మన మంగళ కార్యాలయంలోనే. ఎనిమిది వందల మంది పట్టే హాలులో పద్నాలుగు మందిమి ఆరడుగులకొక కుర్చీ వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాం. ఒకరి మాట ఒకరికి వినబడక గొంతు పెంచి మాట్లాడుకోవాల్సి వచ్చింది, అంత ఖాళీ. గంటన్నర సేపు మాట్లాడి, హాలులో చోటు ఇవ్వడం కుదరదని తొమ్మిది మంది చేతులెత్తారు. ఎత్తని వాళ్లం ఐదుగురం. ఈ ఉత్తరం ఆ ఐదుగురం కలిసి రాస్తున్నాం. మాలో ఇద్దరికి లూములున్నాయి, ఒకరిది కిరాణా కొట్టు, ఒకరు రిటైరైన పంతులు, ఒకామె బీడీల బ్రాంచిలో లెక్కలు రాస్తుంది.

లోపలి మాటలు బయట పెట్టి సంఘం పరువు తీస్తున్నారని ఇప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి, ఉత్తరం రాయకముందే. పెద్దల మీద మాకు గౌరవం ఉంది. ఏ ఒక్కరి పేరూ ఇందులో రాయడం లేదు. కానీ హాలు కార్యవర్గానిది కాదు, సభ్యులందరిదీ. ఆ హాలు ఎవరికి పనికిరావాలో, ఎవరికి పనికిరాకూడదో తొమ్మిది మంది తేల్చేస్తే మిగతావాళ్లకు తెలియాలా వద్దా?

ముందు మమ్మల్ని అడిగిందేమిటో సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో వేరే కథ తిరుగుతోంది. "కరోనా పేషెంట్లను తెచ్చి మన హాలులో పడేస్తారట" అని. అది అబద్ధం. మేము పెట్టిన ప్రతిపాదనలో రోగుల మాటే లేదు. రెండు రకాల మనుషుల కోసం అడిగాం. ఒకటి, ఇంట్లో ఎవరికో పాజిటివ్ వస్తే, లక్షణాలు లేకపోయినా కొన్నాళ్లు వేరుగా ఉండవలసిన మిగతా కుటుంబం. రెండు, సెంటర్‌లో పది రోజులు ఉండి, జ్వరం తగ్గి, డిశ్చార్జి కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు. 2020 మే 8న కేంద్రం మార్చిన నియమం ప్రకారం, తేలికపాటి జబ్బు ఉన్నవాళ్లను లక్షణాలు మొదలైన పది రోజుల తర్వాత, మూడు రోజులుగా జ్వరం లేకుంటే ఇంటికి పంపేవారు. ఇంటికి వచ్చాక ఇంకో ఏడు రోజులు వేరుగా ఉండమనేవారు. ఆ ఏడు రోజుల కోసమే మేము అడిగింది.

ఏడు రోజులు వేరుగా ఉండటం అంటే ఏమిటో మన పూర్వభాగంలో పుట్టిపెరిగిన వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అయినా చెబుతాం. ఎందుకంటే కార్యవర్గంలో చాలామందిమి ఇప్పుడు రెండంతస్తుల ఇళ్లకు మారిపోయాం, ఖోలీ ఎంత ఉంటుందో మరిచిపోయినట్టున్నాం.

మాలో ఒకరి వాడకట్టులో ఒక అక్క ఉంది. యాభై దాటిన మనిషి, పదేళ్ల వయసు నుంచి బీడీలు చుడుతోంది. జూన్ మొదట్లో పాజిటివ్ వచ్చింది, సెంటర్‌కు తీసుకెళ్లారు, పది రోజులకు బాగై వచ్చింది. వచ్చిన రోజు వాడకట్టు వాళ్లు తలుపులు వేసుకున్నారు, అది వేరే సంగతి. ఆమె ఇల్లు పది అడుగులకు పన్నెండు అడుగుల ఖోలీ. అందులో దమ్ము ఉన్న భర్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. ఒక మూల పొయ్యి, ఇంకో మూల ఆకు తడిపే బకెట్టు, బీడీల చాట. మరుగుదొడ్డి నాలుగు ఇళ్లకు ఒకటి. ఆమె మాతో అన్న మాట ఇది: "ఏడు రోజులు ఏరే ఉండుమన్నరు బాబూ. ఏడ ఉండాలె? గోడల ఉండాల్నా?"

మూడు రాత్రులు ఆమె మెట్ల కింద గోనె సంచి పరుచుకుని పడుకుంది. నాలుగో రాత్రి వాన కొట్టింది. లోపలికి వచ్చి, తెల్లారేదాకా గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది, ముక్కుకూ నోటికీ కొంగు అడ్డం పెట్టుకుని. ఆ గడప నుంచి మన హాలు గేటు దాకా మేము అడుగులు లెక్కపెట్టాం. నూట అరవై. ఆ రాత్రి కూడా హాలుకు తాళమే.

2020 జూలై 2న ఇంకో నియమం వచ్చింది. పాజిటివ్ వచ్చినా లక్షణాలు లేకపోతే, తేలికగా ఉంటే, ఇంట్లోనే ఉండి బాగు చేసుకోవచ్చని. చదివి సంతోషపడిన వాళ్లు మనలో ఉన్నారు, ఎందుకు పడరు? కానీ కింద షరతు చూడండి. ఇంట్లో వేరుగా ఉండే వసతి ఉండాలి, కుటుంబంలో మిగతావాళ్లు వేరుగా ఉండే వీలుండాలి, ఇరవై నాలుగు గంటలూ చూసుకునే మనిషి ఉండాలి. అంటే గది ఉన్నవాడికి ఇల్లే ఆస్పత్రి. గది లేనివాడికి బండి వస్తుంది, వాడంతా చూస్తుండగా ఎక్కించుకుపోతుంది. జబ్బు ఒకటే, చదరపు అడుగులే తేడా.

ఆ బండి అంటే మన ఆడవాళ్లకు ఎంత భయమో ఈ మూడు నెలల్లో చూశాం. బీడీలు చుట్టే మనిషికి దగ్గు కొత్త కాదు. రాత్రి ఆకు కత్తిరించి, పగలంతా ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు మధ్యన కూర్చునే మనిషి దగ్గకుండా ఎలా ఉంటుంది? ఇన్నాళ్లూ ఆ దగ్గు ఎవరికీ పట్టలేదు. ఇరవై ఏళ్లుగా దగ్గుతూ బీడీలు అప్పగిస్తే ఒక్కరు మందు పట్టించలేదు. మార్చి తర్వాత అదే దగ్గు నేరమైపోయింది. కొట్టు దగ్గర దగ్గితే సామాను ఇవ్వకుండా పంపారు. ఆశా వర్కర్లు ఇల్లిల్లూ తిరిగి జ్వరం చూస్తుంటే మన అక్కలు వెనక వైపు వెళ్లిపోయారు, దగ్గు ఆపుకోవడానికి నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నారు. నిజంగా జబ్బు వచ్చినవాళ్లు కూడా అలాగే దాక్కున్నారు. ఊపిరి అందక సివిల్‌కు తీసుకుపోయే వేళకు చేతులు దాటిపోయింది. మన ఊళ్లో చనిపోతున్నవాళ్ల శాతం ఎక్కువగా ఉందని పేపర్లు రోజూ రాస్తున్నాయి. ఆలస్యంగా వస్తున్నారు అని డాక్టర్లు అంటున్నారు. ఎందుకు ఆలస్యంగా వస్తున్నారని మన సంఘం ఒక్కసారైనా కూర్చుని మాట్లాడిందా?

మా వాదన ఇదే, దీన్నే ఆదివారం చెప్పాం. ఊరి చివర తెలియని చోట కాకుండా, సొంత వాడలో, తెలుగు మాట్లాడే మనుషుల మధ్యన, ఇంటి నుంచి డబ్బా పంపించుకునే దూరంలో చోటు ఉందంటే, సగం భయం పోతుంది. భయం పోతే దాచరు. ఆడవాళ్లు "నాకు జ్వరం ఉంది" అని నోరు తెరిచి చెబుతారు. హాలు ఇవ్వడం దానం అనుకోకండి. దాక్కున్నవాళ్లను బయటికి పిలిచే దారి అది.

ఇక పెద్దలు చెప్పిన కారణాలకు వద్దాం.

బుకింగులు ఉన్నాయన్నారు. ఇది విని మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇది ఆషాఢం. మనలో ఆషాఢంలో పెళ్లెవరు చేస్తారు? కొత్త కోడల్నే పుట్టింటికి పంపించే నెల ఇది. శ్రావణంలో రెండు ఉన్నాయని రిజిస్టరు తీసి చూపించారు. సరే. పెళ్లికి యాభై మందికి మించకూడదని 2020లో సర్కారు నియమం. యాభై మందికి ఎనిమిది వందల హాలు కావాలా? ఇంటి ముందు పందిరి వేస్తే చాలదా? ఆ రెండు ఇళ్ల వాళ్లనూ మేమే అడిగాం. ఒకరు ఇంట్లోనే చేసుకుంటామన్నారు, అడ్వాన్సు వాపసు ఇస్తే చాలట. రెండోవారు ఆలోచించి చెబుతామన్నారు.

పేరు పోతుందన్నారు. రేపు దీన్ని కరోనా హాలు అంటారు, ఎవరూ పెళ్లికి అడగరు అని. ఈ మాట అన్న అన్నగారికి ఏప్రిల్ గుర్తు చేయాలి.

ఏప్రిల్ 12న మన ఊళ్లో మొదటి కేసు బయటపడింది. ఎక్కడ? తెలంగీ పాచ్ఛా పేఠలో. మన పేరు మీద ఉన్న పేఠ అది. మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి మగ్గం గుంటలు వదిలి వచ్చి స్థిరపడితే, ఇక్కడి వాళ్లు మనల్ని పిలిచిన పేరు. ఆ రాత్రి నుంచి ఆ పేరు ఎలా పలికారో మీకు గుర్తుందా? "పూర్వభాగం వాళ్లకు శిస్తు లేదు", "తెలంగీలు మాట వినరు" అని ఫార్వర్డులు. అశోక్ చౌక్ అని చెప్తే ఆస్పత్రిలో నంబరు వెనక్కి వెళ్లింది. సాఖర్ పేఠ నుంచి వచ్చానంటే పాలవాడు దూరం నుంచే పోసి పోయాడు. అప్పుడు మన సంఘం ఎంత గట్టిగా లేచింది! రోగానికి కులం, భాష, పేఠ ఉండవని ప్రకటన ఇచ్చాం. ఆ ప్రకటన ముసాయిదా రాసింది మాలో ఉన్న పంతులు గారే. ఇప్పుడు అదే సంఘం, తన సొంత వాడ ఆడవాళ్లు వారం రోజులు పడుకుంటే హాలుకు మైల అంటుతుందని అంటోంది. బయటివాళ్లు మనల్ని అన్న మాటకూ మనం మనవాళ్లను అంటున్న మాటకూ ఏమిటి తేడా? భాష ఒకటే తేడా. వాళ్లు మరాఠీలో అన్నారు.

ఇంకో మాట కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. ఏప్రిల్ మొదటి వారంలో, ఢిల్లీ మర్కజ్ వార్తలు వచ్చినప్పుడు, ఫలానా వాళ్ల దగ్గర కూరగాయలు కొనవద్దన్న మెసేజిలు మన గ్రూపులో తిరిగాయి. మేము ఆపలేదు. మాలో ఒకరు ముందుకు పంపారు కూడా. మన లూముల పక్కనే లూములు నడిపే ముసల్మాన్ ఇళ్ల వాళ్లు అవి చూశారు. పది రోజులు తిరక్కుండానే అదే మాట మన మీదికి వచ్చింది. అప్పుడు తెలిసింది ఆ మాట ఎలా ఉంటుందో.

చుట్టుపక్కల వాళ్లు ఒప్పుకోరన్నారు. అర్జీ కూడా పెట్టారట, నలభై సంతకాలతో. అందులో సగం మంది మన సభ్యులే. వాళ్ల భయం తప్పని మేము అనం. ప్రాణభయం ఎవరికి ఉండదు? కానీ ఈ జబ్బు గోడ దూకి రాదు. దగ్గరగా మాట్లాడితే, దగ్గితే, తుమ్మితే పడే తుంపర్ల వల్ల వస్తుంది, తలుపులు మూసిన ఇరుకు గదిలో ఎక్కువగా వస్తుంది. మూసిన ఇరుకు గది ఎక్కడుంది? హాలులో కాదు, హాలు చుట్టూ ఉన్న ఖోలీల్లో. మెట్ల కింద పడుకున్న ఆ అక్క పక్కనుంచే రోజూ నాలుగు ఇళ్ల వాళ్లు మరుగుదొడ్డికి పోయారు. ఆమె హాలులో ఉంటే వాళ్లకు ప్రమాదం తగ్గేదా, పెరిగేదా? అర్జీ మీద సంతకం పెట్టిన వాళ్లు ఈ ఒక్కటి ఆలోచించండి.

దేవుడి పటం ఉందన్నారు. గుమ్మంలో మార్కండేయ స్వామి పటం ఉన్న మాట నిజమే. ఆయన కథ మనకు ఇంకొకరు చెప్పాలా? యముడి పాశం మెడలో పడుతుంటే శివలింగాన్ని కౌగిలించుకుని బతకాలని అడిగిన పిల్లవాడు. ఆయన పటం కింద బతకాలనుకునే మనిషికి చోటు లేదంటే ఏమనాలి? పండరిపూర్ మన జిల్లాలోనిదే. వందల ఏళ్లుగా లక్షల మంది నడిచి తెచ్చే పాదుకలు ఈసారి బస్సులో వచ్చాయి, వారకరీలు ఇళ్లల్లోనే ఉండిపోయారు. విఠోబాకు లేని అభ్యంతరం మన హాలుకు వచ్చింది! వచ్చే నారళీ పున్నమికి మన రథం కదులుతుందో లేదో కూడా తెలియదు. దేవుళ్లు సర్దుకుంటున్నారు.

ఇది సర్కారు పని, మన పని కాదన్నారు. ఈ ఒక్క మాటతో మేము సగం ఒప్పుకుంటాం. పన్నులు కట్టేది మనమే, వాడలకు దగ్గర్లో మంచి సెంటర్లు పెట్టాల్సింది మహానగరపాలికే. హాలు ఇస్తే కరెంటు బిల్లు, సఫాయి, నర్సు, భోజనం ఎవరివని అడగాలి, కాగితం మీద రాయించుకోవాలి. జూన్‌లో మూడు నెలల కరెంటు బిల్లులు ఒక్కసారే వచ్చి పడిన తీరు చూశాక నోటిమాటల్ని ఎవరు నమ్ముతారు? అది అడిగే పెద్దరికం మన కార్యవర్గానికి ఉంది. కానీ సర్కారు పని కాబట్టి మేము తాళం తీయం అనడం, వాన పడేది ఆకాశం తప్పు కాబట్టి గొడుగు ఇవ్వం అన్నట్టుంది.

ఒకసారి ఇస్తే మళ్లీ వాపసు రాదన్నారు. ఇది తీసిపారేసే మాట కాదు, మాకూ ఈ అనుమానం ఉండేది. అందుకని తెలిసిన వకీలును అడిగాం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో అవసరమైతే భవనాలను స్వాధీనం చేసుకునే అధికారం అధికారులకు ఎలాగూ ఉంది. మనం ఇవ్వనంటే వాళ్లు తీసుకోవచ్చు. అప్పుడు ఎవరిని పెడతారు, ఎన్నాళ్లు పెడతారు, ఎలా వాపసు ఇస్తారు అన్నది వాళ్ల ఇష్టం. మనంతట మనం ముందుకొచ్చి ఇస్తే షరతులు మనవి. మన వాడల వాళ్లకే, రోగులు కాకుండా వేరుగా ఉండాల్సిన వాళ్లకే, ఇన్ని మంచాలకే, ఫలానా తేదీ దాకానే అని రాయించుకోవచ్చు. ఖాళీ చేసిన రోజున ఒక శాతం సోడియం హైపోక్లోరైటుతో నేల, కుర్చీలు, తలుపు పిడులు తుడిపించి అప్పగించాలని కూడా రాయించుకోవచ్చు. ఈ ముక్క ఆదివారం చెప్పబోతే సమయం అయిపోయిందన్నారు.

ముంబయిలో ధారావిని చూడండి. రెండున్నర చదరపు కిలోమీటర్లలో లక్షల మంది, ఎక్కువ మందికి సామూహిక మరుగుదొడ్లే. ఏప్రిల్ 1న అక్కడ మొదటి కేసు వచ్చినప్పుడు శవాల గుట్టలు లేస్తాయని అందరూ అనుకున్నారు. అక్కడివాళ్లు ఏం చేశారు? ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు చూశారు, ఇళ్లల్లో వేరుగా ఉండటం అయ్యేపని కాదని ముందే గ్రహించి బడులు, పెళ్లి హాళ్లు, ఆటల కాంప్లెక్సు తెరిచి అక్కడ ఉంచారు. 2020 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి ధారావి పేరెత్తి మెచ్చుకున్నారు. మన పూర్వభాగం ధారావి కంటే ఇరుకు కాదు. ధారావి కంటే బీదది కూడా కాదు.

సంఘం ఏమీ చేయలేదని మేము అనడం లేదు. లాక్‌డౌన్ మొదట్లో రేడియోలూ ఆటోలూ అన్నీ మరాఠీలో, హిందీలో చెబుతుంటే, మన ముసలమ్మలు తెలుగు టీవీలో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రి వార్తలు చూసి, మన ఊళ్లో వార్డుకు ఎవరు వస్తారో తెలియక అల్లాడారు. అప్పుడు మన సంఘమే తెలుగులో రికార్డు చేయించి దత్తనగర్ నుంచి విడీ ఘర్కుల్ దాకా ఆటో తిప్పింది. కరపత్రం వేయకుండా మాటతో చెప్పించడం మంచి ఆలోచన, అది మన అధ్యక్షుల వారిదే. ఆ గొంతు విని గడపల్లోకి వచ్చిన ఆడవాళ్లను మేము చూశాం.

రేషన్ కిట్లూ పంచాం. లూములు ఆగి, బ్రాంచీలు మూతపడి, వారం వారం చేతికొచ్చే పగారు లేకుండా పోయిన రోజులవి. బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, చాయపత్తి. మంచి పనే. కానీ ప్రతి కిట్టుకూ ఒక ఫొటో తీశాం. ఇచ్చేవాళ్లం ఏడుగురం, తీసుకునేది ఒక్క మనిషి. ఒక చెల్లెలు కొంగు మొహం మీదికి లాక్కుంటే, "మాస్కు తీయమ్మా, మొహం కనబడాలి" అన్నది ఎవరో కాదు, ఈ ఐదుగురిలో ఒకడే. దానికి ఇవాళ సిగ్గుపడుతున్నాం. ఆ ఫొటోలు ఇంకా గ్రూపులో ఉన్నాయి, మావి మేము తీసేశాం. ఫొటోకు వచ్చే సాయం అందరికీ చేతనవుతుంది. హాలు సాయానికి ఫొటో ఉండదు, అక్కడ ఉన్నవాళ్ల మొహాలు చూపించకూడదు కదా. అందుకే ఉత్సాహం రాలేదా అని అనుమానం వస్తోంది. తప్పయితే క్షమించండి.

ఆ హాలు ఎలా లేచిందో పాత సభ్యులకు తెలుసు. గోడ మీద పాలరాతి పలక ఉంది, పెద్ద మొత్తాలు ఇచ్చిన వారి పేర్లు బంగారు రంగులో ఉన్నాయి. వారి మేలు మరువరానిది. కానీ పలక మీద లేని పేర్లు చాలా ఉన్నాయి. బీడీలు అప్పగించి వచ్చే దారిలో డబ్బా పెట్టుకుని కూర్చుంటే, కొంగు ముడి విప్పి రూపాయి, రెండు రూపాయలు వేసి పోయిన అక్కలు, అవ్వలు. మాలో లెక్కలు రాసే ఆమె వాళ్లమ్మ ఆ డబ్బా దగ్గర కూర్చునేది. నాణేలు లెక్కపెట్టేసరికి రాత్రయ్యేదట, చేతికి తంబాకు వాసన వచ్చేదట. మెట్ల కింద పడుకున్న అక్క ఆ డబ్బాలో వేసిందో లేదో మేము అడగలేదు. అడగడానికి నోరు రాలేదు.

మళ్లీ లాక్‌డౌన్ పెడతారన్న మాట వినబడుతోంది. పెడితే ఖోలీల్లో జనం ఇరవై నాలుగు గంటలూ లోపలే ఉంటారు. అందుకే ఇది వచ్చే నెల మీటింగు దాకా ఆగే పని కాదు.

కార్యవర్గ నిర్ణయాన్ని మళ్లీ చూడటానికి సర్వసభ్య సమావేశం పిలవమని కోరుతూ సంతకాలు తీసుకుంటున్నాం. వచ్చి సంతకం పెట్టనక్కరలేదు, పేరు, సభ్యత్వం నంబరు మెసేజి పెడితే చాలు. సమావేశం ఫోన్లో పెట్టినా సరే, హాలులో పెట్టినా సరే, చోటుకు కొదవ లేదని ఆదివారమే చూశాం. మాతో ఒప్పుకోని వాళ్లు కూడా రండి, మీ మాట చెప్పండి. తొమ్మిది మందిలో ఇద్దరు ఆ రాత్రే ఫోన్ చేసి ఇంకోసారి ఆలోచిస్తామన్నారు, వాళ్లకు దండాలు.

లోపల ఏముందో కూడా రాస్తున్నాం, రేపు ఎవరూ తెలియదనకుండా. ఫ్యాన్లు పదహారు, రెండు పనిచేయవు. మరుగుదొడ్లు ఆడవాళ్ల వైపు నాలుగు, మగవాళ్ల వైపు మూడు. వెనక వంటసాల, రెండు పెద్ద పొయ్యిలు, బోరు నీళ్లు. వధువు గది ఒకటి, వరుడి గది ఒకటి, రెండింటికీ లోపల స్నానాల గదులున్నాయి, చంటిపిల్లల తల్లులకు అవి ఇవ్వవచ్చు. తడకలు కట్టి విడదీస్తే ముప్పై మంచాలు దూరం దూరంగా పడతాయి, టేపు పెట్టి కొలిచాం. మంచాలు పదకొండు ఇప్పటికే మాట ఇచ్చారు. వంటకు మాలో ఇద్దరి ఇళ్ల ఆడవాళ్లు, వాళ్లతో పాటు మేము కూడా, వంతులు వేసుకున్నాం. తాళం చెవి కోశాధికారి గారి ఇంట్లో ఉంది.